1912 నుంచి 1952 దాకా: ఆరోగ్యవరం చరిత్రలో రసాయనశాస్త్ర మౌలిక భావనలు

వ్యాససంగ్రహం

ఆమ్లం, క్షారం, ధ్రువత, గాఢత, మోల్, ప్రమేయ సమూహం వంటి మౌలిక భావనలను జీవశాస్త్ర విద్యార్థి రసాయనశాస్త్ర పుస్తకంలో చదువుతాడు. జీవి గురించి మరో పుస్తకంలో చదువుతాడు. ఈ రెండింటి మధ్య ఎడం ఎంత ఖరీదైనదో మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ వైద్యశాల చరిత్ర తెలియజేస్తుంది. ఆ చరిత్ర ప్రధానాధారంగా, పుంగనూరు పాడిని, కుప్పం ప్రాంతపు పట్టు పరిశ్రమను తోడు తీసుకొని, ఈ భావనలు వాస్తవంలో ఎలా పనిచేశాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మదనపల్లె, ఆరోగ్యవరం, క్షయ, మైకోలిక్ ఆమ్లం, ఐసోనియాజిడ్, పుంగనూరు ఆవు, సెరిసిన్, పరిభాష.

1. ఉపోద్ఘాతం

1912లో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పనులు జరిగాయి. ప్రాగ్ నగరంలోని జర్మన్ విశ్వవిద్యాలయంలో హాన్స్ మేయర్, జోసెఫ్ మాలీ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు పిరిడిన్ ఆమ్లాల నుంచి కొన్ని కొత్త సమ్మేళనాలను తయారుచేశారు. వాటి ద్రవీభవన స్థానాలను, ధర్మాలను నమోదు చేసి ప్రచురించారు. వాటిలో ఒకటి ఐసోనికోటినిక్ ఆమ్ల హైడ్రజైడ్. అదే ఏడాది దక్షిణ భారతంలోని పలు క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లెలో క్షయరోగులకు ఒక శానటోరియం ఆరంభించాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి నాయకత్వం వహించాడు. 1915 నాటికి ఆ సంస్థ పట్టణానికి కొద్ది దూరంలోని సొంత స్థలానికి మారింది. ఆ స్థలానికి ఆరోగ్యవరం అన్న పేరు స్థిరపడింది. అనిబిసెంట్ పేరుతో ముడిపడిన దివ్యజ్ఞాన కళాశాల మదనపల్లెలో వెలసినది కూడా 1915లోనే.

ప్రాగ్‌లో తయారైన ఆ తెల్లని పొడి పేరు నేడు ఐసోనియాజిడ్. క్షయచికిత్సకు ఇప్పటికీ మూలస్తంభాలలో అది ఒకటి. కానీ దానికి క్షయక్రిమిని చంపే శక్తి ఉన్నదని లోకానికి తెలిసినది 1952లో. నలభై సంవత్సరాల పాటు ఆ అణువు గ్రంథాలయపు అరలో ఉన్నది. రోగులు ఆరోగ్యవరం వరండాలలో పడకల మీద ఉన్నారు. దానిని తయారుచేసిన వారికి క్షయ గురించి ఆలోచించవలసిన అవసరం కలుగలేదు. క్షయను ఎదుర్కొంటున్న వారికి పిరిడిన్ రసాయనశాస్త్రం చదవవలసిన అవసరం కనిపించలేదు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అయితే జీవశాస్త్ర విద్యార్థికి రసాయనశాస్త్రం ఎందుకు అన్న ప్రశ్నకు ఇంతకన్న సూటియైన సమాధానం దొరకడం కష్టం.

2. గాజుపలక మీద ఆమ్లం

శానటోరియం పుట్టేనాటికి రసాయనశాస్త్రం క్షయవైద్యానికి ఒక్క పెద్ద సహాయం మాత్రమే చేసి ఉన్నది. అది రోగనిర్ణయంలో. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయక్రిమిని ప్రకటించాడు. మామూలు రంగులను ఆ క్రిమి సులభంగా పట్టుకోదు. కాక్ తన రంగుకు క్షారం కలిపి, చాలాసేపు ఉంచి ఎలాగో పట్టించాడు. అదే సంవత్సరం పాల్ ఎర్లిక్ ఒక విచిత్రాన్ని గమనించాడు. ఒకసారి రంగు పట్టిందంటే ఆ క్రిమి ఆమ్లంతో కడిగినా దానిని వదలదు. తక్కిన కణాలన్నీ తెల్లబోతాయి. జీల్, నీల్సన్ అనే ఇద్దరు ఈ పద్ధతికి మెరుగులు దిద్దారు. ఫీనాల్ కలిపిన ఎర్రని ఫుక్సిన్ రంగును కఫం పూసిన గాజుపలక మీద పోసి, కింద వేడిచేసి, తరువాత సుమారు 20 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగి, చివర మిథిలీన్ నీలం పూస్తారు. నీలిరంగు నేపథ్యంలో ఎర్రని సన్నని కడ్డీలు కనిపిస్తే క్షయ.

ఈ పద్ధతిలోని ప్రతి మెట్టూ ఒక రసాయన భావన. ఫుక్సిన్ ధనావేశం గల రంగు. ఫీనాల్ సమక్షంలో అది నీటికన్న కొవ్వులో ఎక్కువగా కరిగే గుణాన్ని పొందుతుంది. వేడి మైనపు పొరను మెత్తబరచి రంగును లోపలికి పోనిస్తుంది. చల్లబడిన తరువాత ఆ పొర మళ్లీ బిగుసుకుంటుంది. నీటిలో కరిగి ఉన్న ఆమ్లానికి ఆ పొరలోకి దారి లేదు. నీటికి కొవ్వంటే సరిపడదని ఇంటిలో గిన్నెలు తోమేవారందరికీ తెలుసు. ఆ సరిపడకపోవడానికే శాస్త్రంలో జలవిరోధం అని పేరు.

ఆ పొర ఏమిటన్నది మాత్రం చాలాకాలం తెలియలేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్. జె. ఆండర్సన్ బృందం క్షయక్రిమి కొవ్వులను ఏళ్ల తరబడి విశ్లేషించింది. అందులోని ఒక ముఖ్యపదార్థానికి 1938లో మైకోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. నూనెలలో సాధారణంగా దొరికే పామిటిక్ ఆమ్లంలో 16 కార్బన్ పరమాణువులు ఉంటాయి. క్షయక్రిమి మైకోలిక్ ఆమ్లంలో 70 నుంచి 90 దాకా ఉంటాయి. ఆమ్లం అన్న పేరు ఉన్నది కదా అని దీనిని సల్ఫ్యూరిక్ ఆమ్లం వంటిదని విద్యార్థి అనుకోరాదు. కార్బాక్సిల్ సమూహం ఉన్నా, అణువులో అత్యధిక భాగం పొడవైన హైడ్రోకార్బన్ గొలుసు. ఆ గొలుసే దాని స్వభావాన్ని నిర్ణయిస్తుంది. ‘ఆమ్లం’ అన్న ఒకే మాట రెండు భిన్నమైన పదార్థాలను సూచిస్తున్నప్పుడు తరగతిలో గందరగోళం కలగడం సహజం. ఆ గందరగోళాన్ని తీర్చడానికి క్షయక్రిమిని మించిన ఉదాహరణ లేదు. అందులో ఒక ఆమ్లం మరొక ఆమ్లానికి అడ్డుగోడగా నిలుస్తుంది.

ఇదే గోడ ప్రయోగశాలకు మరొక సౌకర్యం కలిగించింది. కఫంలో ఇతర బాక్టీరియాలు అసంఖ్యాకంగా ఉంటాయి. క్షయక్రిమిని పెంచాలంటే వాటిని ముందు చంపాలి. 1915లో పెట్రాఫ్ సూచించిన పద్ధతిలో కఫానికి సోడియం హైడ్రాక్సైడ్ కలుపుతారు. క్షారం మిగతా క్రిములను నాశనం చేస్తుంది; మైనపు గోడ గల క్షయక్రిమి చాలావరకు తట్టుకొంటుంది. తట్టుకొనే వ్యవధికి హద్దు ఉన్నది కనుక ఎంత గాఢత, ఎంతసేపు అన్నవి కీలకం. గాఢతను లెక్కగా మాత్రమే నేర్చుకొన్న విద్యార్థికి ఈ ‘ఎంతసేపు’ అన్న సంగతి కొత్తగా తోస్తుంది.

3. అదే ఆమ్లం పుంగనూరు పాలలో, అదే క్షారం కుప్పం పట్టులో

కొవ్వు ఆమ్లానికి లొంగకపోవడం అన్నది క్షయక్రిమికే పరిమితమైన వింత కాదు. మదనపల్లెకు దక్షిణాన ఉన్న పుంగనూరు దీనికి చక్కని సాక్ష్యం ఇస్తుంది. ఈ ప్రాంతం పేరుతోనే ప్రసిద్ధమైన పుంగనూరు ఆవు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు ఉండే పొట్టి జాతి. పలమనేరులోని పశుపరిశోధనా కేంద్రం ఈ జాతి సంరక్షణకు కృషిచేస్తున్నది. ఈ ఆవు పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందని ప్రచారంలో ఉన్న మాట. మామూలు ఆవుపాలలో అది 3 నుంచి 5 శాతం.

పాలలో వెన్న శాతాన్ని తేల్చే సంప్రదాయ పద్ధతి గెర్బర్ పరీక్ష. స్విట్జర్లాండ్‌కు చెందిన నిక్లాస్ గెర్బర్ 1890లలో దీనిని రూపొందించాడు. 10 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ కలిపి, గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. ఆమ్లం మాంసకృత్తులను విచ్ఛిన్నం చేసి కరిగిస్తుంది. వెన్న బిందువుల చుట్టూ ఉన్న పలుచని పొరనూ చీల్చివేస్తుంది. వెన్నను మాత్రం కరిగించలేదు. అది తేలికైనది కనుక పైకి తేలి, గీతలున్న సన్నని గొట్టంలో నిలుస్తుంది. గాజుపలక మీద మైనపు పొర నిలిచినట్టే సీసాలో వెన్న నిలిచింది. ఇప్పుడు చాలాచోట్ల ఎలక్ట్రానిక్ యంత్రాలు ఈ పని చేస్తున్నా, పాలకు ధర కట్టడంలో వెన్న శాతానికి ఉన్న ప్రాముఖ్యం తగ్గలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగకరం. వెన్న 8 శాతం ఉన్న పాలు రోజుకు 3 లీటర్లు వస్తే మొత్తం వెన్న సుమారు 240 గ్రాములు. 4 శాతం ఉన్న పాలు 10 లీటర్లు వస్తే సుమారు 400 గ్రాములు. గాఢత ఎక్కువైనంత మాత్రాన పరిమాణం ఎక్కువ కాదు. పుంగనూరు ఆవు విలువను ఈ లెక్క తగ్గించదు, ఎందుకంటే తక్కువ మేతతో, ఎండకు ఓర్చి బ్రతకడం ఆ జాతి అసలు బలం. కానీ శాతం చూసి మురిసిపోయే ప్రచారాలను చదివేటప్పుడు ఈ లెక్క గుర్తుండడం మంచిది.

పాలలోనే పీహెచ్ భావన కూడా దాగి ఉన్నది. తాజా పాల పీహెచ్ సుమారు 6.6. తోడు వేసినప్పుడు బాక్టీరియా లాక్టోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ 4.6 దగ్గరకు దిగినప్పుడు కేసీన్ మీది ఋణావేశం తటస్థమై, ఒకదానినొకటి తోసుకొంటున్న కణాలు దగ్గర చేరి గడ్డకడతాయి. 6.6 నుంచి 4.6కు దిగడం అంటే హైడ్రోజన్ అయాన్లు నూరు రెట్లు పెరగడం. రెండు అంకెల తేడా చిన్నదిగా కనిపించడం లాగరిథం చేసే మాయ. తెలుగులో పెరుగు ‘తోడుకొంటుంది’, పాలు ‘విరుగుతాయి’. ఒకటి శుభం, మరొకటి నష్టం. కేసీన్‌కు ఆ తేడా తెలియదు.

కుప్పం దగ్గరకు వస్తే ఆమ్లం స్థానాన్ని క్షారం తీసుకొంటుంది. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకొన్న ఈ మెట్టప్రాంతంలో మల్బరీ సాగు, పట్టుపురుగుల పెంపకం ముఖ్యమైన జీవనాధారాలు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపూ ఇది విస్తరించింది. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టునేతకు పేరుపొందినది. పట్టుగూటిలోని దారం రెండు మాంసకృత్తుల కలయిక. లోపలిది ఫైబ్రోయిన్, చుట్టూ జిగురులా అంటుకొన్నది సెరిసిన్. బరువులో సుమారు నాలుగో వంతు ఈ జిగురే. సబ్బు, సోడా కలిపిన వేడినీటిలో జిగురు పోతుంది, దారం మిగులుతుంది.

రెండూ మాంసకృత్తులే అయినప్పుడు ఒకటి కరగడం, మరొకటి నిలవడం ఎందువల్ల? సెరిసిన్‌లో సెరీన్ అనే అమైనో ఆమ్లం అధికం. దానిలోని హైడ్రాక్సిల్ సమూహం నీటిని ఇష్టపడుతుంది. 1865లో ఎమిల్ క్రామర్ ఈ అమైనో ఆమ్లాన్ని మొదట వేరుచేసినది పట్టు నుంచే. సెరీన్ అన్న పేరు లాటిన్‌లో పట్టుకు ఉన్న మాట నుంచి వచ్చింది. ఫైబ్రోయిన్‌లో ప్రధానంగా గ్లైసీన్, అలనీన్ అనే చిన్న అమైనో ఆమ్లాలు వరుసగా ఉండి, గొలుసులు ఒకదానిపై ఒకటి పలకల్లా దగ్గరగా పేర్చుకొని, హైడ్రోజన్ బంధాలతో బిగుసుకొని ఉంటాయి. నీటికి చొరబడే సందు ఉండదు. ఈ నిర్మాణాన్ని మార్ష్, కోరీ, పాలింగ్ 1955లో వివరించారు. ఒక్కొక్క హైడ్రోజన్ బంధం బలహీనమైనదే. వేలకొలదిగా చేరినప్పుడు చీర నిలుస్తుంది.

4. మందులేని మూడు దశాబ్దాలు

తిరిగి ఆరోగ్యవరానికి. 1912 తరువాతి మూడు దశాబ్దాలలో శానటోరియం చేయగలిగినది విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, గాలి, వెలుతురు, కొందరికి ఊపిరితిత్తిని కుంచింపజేసే శస్త్రచికిత్స. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, పొడిగాలి గల మదనపల్లెను ఎన్నుకోవడంలో ఆనాటి వైద్యజ్ఞానం ప్రతిఫలిస్తుంది. క్రిమిని స్పష్టంగా చూడగలిగిన వైద్యులు దానిని తాకలేకపోయారు.

రసాయనశాస్త్రం ఈ మధ్యకాలంలో పూర్తిగా నిద్రపోలేదు. ఫ్రిమోట్-మోలర్ స్వదేశమైన డెన్మార్క్‌లోనే హోల్గర్ మోల్‌గార్డ్ 1924లో సానోక్రైసిన్ అనే బంగారు లవణాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అది చాలా దేశాలలో విరివిగా వాడుకలోకి వచ్చింది. 1931లో అమెరికాలో ఆంబర్‌సన్ బృందం 24 మంది రోగులను రెండు జట్లుగా విభజించి, నాణెం ఎగురవేసి ఏ జట్టుకు బంగారం, ఏ జట్టుకు స్వేదనజలం అన్నది నిర్ణయించింది. బంగారం వల్ల మేలు కనబడలేదు, కీడు కనబడింది. భార లోహాల అయాన్లకు సల్ఫర్ గల సమూహాలతో గట్టిగా బంధించుకొనే స్వభావం ఉన్నది. అటువంటి సమూహాలు క్రిమి ఎంజైములలోనూ ఉన్నాయి, మనిషి మూత్రపిండాలలోనూ ఉన్నాయి. క్రిమికి మాత్రమే ఉండి మనిషికి లేనిదేదో దానిని కొట్టాలి. ఆ ‘ఏదో’ అప్పటికే గాజుపలక మీద ఎర్రగా కనిపిస్తున్నది. ఆ చూపును ఈ చూపును కలపడానికి ఇంకా సమయం పట్టింది.

5. మూడు అణువులు

స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్. దశాబ్దం లోపల వచ్చిన ఈ మూడు మందులూ మూడు వేర్వేరు దారులలో వచ్చాయి.

అమెరికాలోని రట్‌గర్స్‌లో షాట్స్, వాక్స్‌మన్ బృందం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను రాబట్టింది. చక్కెరల వంటి వలయాలు, అనేక హైడ్రాక్సిల్ సమూహాలు, ధనావేశాలు గల అణువు ఇది. నీటిలో సులువుగా కరుగుతుంది. అందువల్లనే పేగు గోడలోని కొవ్వు పొరను దాటలేదు. సూదిమందుగా తప్ప ఇవ్వడం కుదరదు. బ్రిటన్‌లో 1948లో ప్రచురితమైన ప్రసిద్ధ పరీక్షలో ఆరు నెలలకు స్ట్రెప్టోమైసిన్ పొందిన 55 మందిలో 4గురు, విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది మరణించారు. ఐదేళ్లు గడిచేసరికి ఆ సంఖ్యలు 32, 35. ఒక్క మందునే వాడినందువల్ల దానికి లొంగని క్రిములు మిగిలి పెరిగాయి. తొలి ఆరు నెలల అంకెలు చూసి సంతోషించిన వారికి ఇది చేదు పాఠం.

పాస్ కథలో పోలిక ప్రధానం. సాలిసిలిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు క్షయక్రిమి ఆక్సిజన్ వినియోగం పెరుగుతుందని బెర్న్‌హైమ్ 1940లో గమనించాడు. క్రిమి దానిని వాడుకొంటున్నదంటే, దానిని పోలిన మరో అణువుతో క్రిమిని మోసగించవచ్చు కదా అని స్వీడన్‌కు చెందిన యోర్గెన్ లేమన్ ఊహించాడు. సాలిసిలిక్ ఆమ్లపు వలయానికి ఎదుటి స్థానంలో ఒక అమైనో సమూహం చేర్చితే అది పారా-అమైనోసాలిసిలిక్ ఆమ్లం. 1946లో ఫలితాలు వెలువడ్డాయి. ఊహించిన కారణం వేరు, పనిచేసే తీరు వేరు అని తరువాత తేలింది. పారా-అమైనోబెంజోయిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, ఫోలిక్ ఆమ్లం తయారయ్యే మార్గంలోకి అది దొంగగా ప్రవేశిస్తుంది. మనిషి ఫోలిక్ ఆమ్లాన్ని ఆహారంలో పొందుతాడు, బాక్టీరియా తామే తయారుచేసుకొంటాయి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించిన లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనలో నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నది తెలుగు విద్యార్థికి గుర్తుచేయదగిన సంగతి.

ఇక మూడవది 1912 నాటి అణువు. నికోటినమైడ్‌కు క్షయక్రిమి మీద కొంత ప్రభావం ఉన్నదని 1945లో ఫ్రాన్స్‌లో తెలిసింది. జర్మనీలో డోమాక్ బృందం థయోసెమికార్బజోన్లను పరీక్షిస్తున్నది. ఈ రెండు నిర్మాణాలనూ జతపరిచే ప్రయత్నంలో మధ్యంతర పదార్థంగా ఐసోనికోటినిక్ హైడ్రజైడ్ తయారైంది. చేరవలసిన గమ్యం కన్న దారిలో దొరికినదే శక్తిమంతమైనదని రోష్, స్క్విబ్, బేయర్ సంస్థలు మూడూ ఇంచుమించు ఒకేసారి కనుగొన్నాయి. తీరా చూస్తే అది 1912లోనే ప్రచురితమైన పదార్థం. కొత్తది కాదు కనుక ఆ పదార్థం మీద ఎవరికీ పేటెంటు దక్కలేదు. చౌకగా తయారయ్యే ఆ మందు పేద దేశాలకు అందుబాటులోకి రావడానికి ఇది తోడ్పడింది. నలభై ఏళ్ల ఆలస్యానికి దక్కిన పరిహారం బహుశా ఇదొక్కటే.

ఐసోనియాజిడ్ అణుభారం 137. స్ట్రెప్టోమైసిన్‌తో పోల్చితే పిల్ల అణువు, ఆవేశం లేనిది. పేగునూ, మెదడు చుట్టూ ఉన్న అడ్డుగోడనూ దాటిపోతుంది. పాస్‌ను రోజుకు సుమారు 10 గ్రాములు మింగవలసి ఉండగా దీనికి 300 మిల్లీగ్రాములు చాలు. మోల్ భావన ఇక్కడ ప్రాణం పోసుకొంటుంది. పాస్ అణుభారం 153 కనుక 10 గ్రాములు సుమారు 0.065 మోల్; ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు సుమారు 0.0022 మోల్. అణువుల సంఖ్యలో ముప్పై రెట్ల తేడా. కడుపులో తిప్పే పొట్లాలు రోజూ మింగవలసిన రోగికి ఆ ముప్పై రెట్లు లెక్క కాదు, బాధ.

ప్రమేయ సమూహం అన్నది ఒకే అణువులో మేలూ కీడూ ఎలా చేయగలదో కూడా ఈ మందే చూపుతుంది. హైడ్రజైడ్ సమూహానికి ఆల్డిహైడ్‌తో చర్య జరిపే గుణం ఉన్నది. విటమిన్ బి6 రూపమైన పిరిడాక్సాల్‌లో ఆల్డిహైడ్ సమూహం ఉన్నది. రెండూ కలిసి ఆ విటమిన్ శరీరానికి దక్కకుండా పోయి, పోషణ తక్కువైన వారిలో కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి. విరుగుడు పిరిడాక్సిన్ మాత్ర. ఇక అసలు పని: క్రిమిలోని కాటలేజ్ ఎంజైమ్ ఈ మందును ఆక్సీకరణం చేసి క్రియాశీలం చేస్తుందని 1992లోనూ, దాని లక్ష్యం మైకోలిక్ ఆమ్ల తయారీలోని ఒక ఎంజైమ్ అని 1994లోనూ నిర్ధారణ అయింది. ఐసోనియాజిడ్ సోకిన క్రిములు ఆమ్లంతో కడిగినప్పుడు ఎరుపును నిలుపుకోలేకపోతున్నాయని 1950ల తొలి సంవత్సరాలలోనే పరిశోధకులు గమనించారు. ఎర్లిక్ 1882లో చూసిన ఎరుపు, మేయర్, మాలీలు 1912లో చేసిన పొడి, ఒకే గోడకు రెండు వైపుల సంగతులు.

6. శానటోరియం నుంచి ఇంటికి

ఆరోగ్యవరం తన గోడల వెలుపలికి వచ్చినది ఈ కాలంలోనే. 1948లో భారతదేశంలో బీసీజీ టీకా కార్యక్రమం మొదలైన చోటు మదనపల్లె. తరువాత జోహానెస్ ఫ్రిమోట్-మోలర్ నాయకత్వంలో చుట్టుపక్కల గ్రామాలలో 1950 నుంచి 1955 దాకా జరిగిన క్షయ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడి, గ్రామీణ జనసమూహాలలో క్షయ వ్యాప్తిని గురించిన తొలి విస్తృత పరిశీలనలలో ఒకటిగా నిలిచింది.

బీసీజీ టీకాలోనూ కొవ్వు రసాయనం ఉన్నది. కాల్మెట్, గెరాన్ ఫ్రాన్స్‌లో 1908 నుంచి 1921 దాకా 230 సార్లు మార్చి పెంచిన క్రిమి ఆవు నుంచి వచ్చినది. మైనపు ఒళ్లు గల ఆ క్రిములు ఉండలు కట్టి పెరిగేవి. వాటిని విడదీయడానికి వారు ఎద్దు పైత్యరసం కలిపారు. పైత్య లవణం ఒకవైపు నీటిని, మరొకవైపు కొవ్వును పట్టుకొంటుంది. సబ్బు చేసే పని అదే, పేగులో కొవ్వును జీర్ణానికి సిద్ధం చేసేదీ అదే. క్రిమి తీవ్రత క్రమంగా తగ్గుతున్నదని వారు గమనించినది ఉండలు విడదీసే ఈ ప్రయత్నంలోనే.

1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం ఏర్పడింది. ఐసోనియాజిడ్, పాస్ కలిపి ఏడాది పాటు వాడిన రోగులలో ఇంట ఉన్నవారికి, శానటోరియంలో ఉన్నవారికి ఫలితాలలో చెప్పుకోదగిన తేడా లేదని ఆ కేంద్రం 1959లో ప్రకటించింది. ఇంటి రోగుల తిండి తక్కువ, శ్రమ ఎక్కువ. అయినా కోలుకొన్నారు. గాలి, విశ్రాంతి, ఎత్తైన ప్రదేశం అన్న మూడు ఆధారాల మీద నిర్మితమైన శానటోరియం వ్యవస్థ పునాది దీనితో కదిలింది. ఆరోగ్యవరం క్రమేణా సాధారణ వైద్యసేవలకూ విస్తరించి, ఆరోగ్యవరం మెడికల్ సెంటర్‌గా కొనసాగుతున్నది. ఇందులో ఆ సంస్థ ఓటమిని చూడడం సరికాదు. తన అవసరాన్ని తగ్గించే జ్ఞానం పెరగడానికి తన గ్రామాలలోనే అది పాటుపడింది.

7. మాటలూ పుస్తకాలూ

ఈ చరిత్రను తెలుగులో చెప్పడానికి మాటలు ఉన్నాయా? కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రాన్ని, వేమూరి విశ్వనాథశర్మ రసాయనశాస్త్రాన్ని తెలుగులో తెచ్చింది. అవి రెండూ ఒకే మాలలోని పుస్తకాలు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయికి పుస్తకాలూ, పరిభాషా సిద్ధం చేసింది. కుప్పంలో 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయం భాషల కోసం పుట్టినది కనుక పరిభాషను గురించిన చర్చకు ఈ ప్రాంతం పరాయిది కాదు.

పరిభాషలో చరిత్ర మిగిలిపోతుంది. ఆక్సిజన్‌కు ఒకప్పుడు ‘ఆమ్లజని’ అని పేరు. ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలమన్న లవోసియే పొరపాటు ఆ పేరులో భద్రంగా ఉన్నది. అదే వాయువుకు ‘ప్రాణవాయువు’ అన్నది జీవశాస్త్రం వైపు నుంచి వచ్చిన పేరు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తెలిసిన విద్యార్థికి మొదటి పేరు తికమక కలిగిస్తుంది. క్షయక్రిమిని ‘ఆమ్ల నిరోధకం’ అనడంలోనూ చిక్కు ఉన్నది. ఆమ్లంలో అది చావదని విద్యార్థి అర్థం చేసుకొంటాడు. నిజానికి చెప్పదలచినది ఆమ్లంతో కడిగినా రంగు విడవదని. ‘ఆమ్లానికి రంగు విడవని’ అని మూడు మాటలలో చెప్పడం ఒక్క సమాసం కన్న మేలు.

ఇంటర్మీడియట్ బై.పి.సి. విద్యార్థికి జీవాణువుల పాఠం వృక్షశాస్త్రంలో ఒకసారి, రసాయనశాస్త్రంలో మరొకసారి వస్తుంది. ఇద్దరు అధ్యాపకులు వేర్వేరు గదులలో, వేర్వేరు నెలలలో చెబుతారు. ఈ ప్రాంతపు కళాశాలలలో ఆ రెండు పాఠాలను ఒకే బల్ల మీదకు తేవడానికి ఖర్చు పెద్దగా అక్కర్లేదు. పురుగు తొలగించి ఆరబెట్టిన ఒక పట్టుగూటిని రెండు ముక్కలు చేసి, రెండింటినీ తూచి, ఒకదానిని ఉత్త గోరువెచ్చని నీటిలో, మరొకదానిని చాకలి సోడా కలిపి మరిగించిన నీటిలో అరగంట ఉంచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ తూస్తే, మొదటిది దాదాపు అలాగే ఉంటుంది, రెండవది నాలుగో వంతు వరకు బరువు తగ్గి, వేళ్ల మధ్య మెత్తగా, మెరుస్తూ ఉంటుంది.